కోడ్ రాయాలా, నిబంధన రాయాలా: సాంకేతిక ఉద్యోగానికీ విధాన రంగానికీ మధ్య ఎంచుకునే పద్ధతి

తెలంగాణలో సంక్షేమ పథకాలకు ఎవరు అర్హులో తేల్చడానికి వాడిన సమగ్ర వేదిక అనే వ్యవస్థ గురించి హైదరాబాదు సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో చాలామంది వినే ఉంటారు. వేర్వేరు శాఖల దగ్గరున్న రికార్డులను పేరు, చిరునామా వంటి వివరాలను బట్టి ఒకదానితో ఒకటి జతపరచి, ఫలానా కుటుంబానికి కారు ఉందా, ఆస్తి ఉందా అని అది అంచనా కడుతుంది. పేరు కలిసిన మరొకరి కారు తమ ఖాతాలో పడి రేషన్ కార్డు కోల్పోయినవారి కథనాలు వార్తల్లోకి వచ్చాయి. ముందుగా నోటీసు ఇవ్వకుండా, ఇంటికి వచ్చి చూడకుండా కార్డులు తీసేశారన్న వ్యాజ్యంలో, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ తనిఖీ చేయాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

ఈ ఉదంతం చదివినప్పుడు మీ మనసులో మొదట లేచే ప్రశ్న ఏది? ఇంటిపేరు ఒక రికార్డులో ముందు, మరొక దానిలో వెనక, ఇంకొక దానిలో ఒక్క అక్షరంగా ఉండే మన పేర్లకు, వెంకటేశ్వర్లు అనే ఒక్క పేరునే ఇంగ్లీషులో పది రకాలుగా రాసే మన అలవాటుకు, జతపరచే ప్రక్రియలో హద్దు ఎక్కడ పెట్టి ఉంటారు, తప్పు జతల శాతాన్ని ఎలా కొలిచి ఉంటారు అన్నది ఒక ప్రశ్న. పొరపాటు జరిగితే రుజువు చేసుకోవలసిన భారం పేదవాడి మీద ఎందుకు పడాలి, రద్దుకు ముందు ఎన్ని రోజుల గడువు ఇవ్వాలి, అప్పీలు ఎవరికి చేసుకోవాలి, అసలు టెండరు పత్రంలో పొరపాట్ల గురించి ఏమి రాశారు అన్నది మరొక రకం ప్రశ్న. మొదటిది ఇంజినీరు ప్రశ్న, రెండవది విధాన రంగంలో పనిచేసేవారి ప్రశ్న. రెండూ అవసరమే. అయితే జీతం తీసుకుని, ఏడాది పొడుగునా, విసుగు కలిగిన రోజున కూడా కూర్చుని జవాబు వెతకగలిగేది చాలామందికి ఈ రెండింటిలో ఒక్కదానికే.

నాలుగేళ్ళ నుంచి పదేళ్ళ వరకు సాఫ్ట్‌వేర్, టెలికాం, డేటా, సైబర్ భద్రత వంటి రంగాల్లో పనిచేసి, సాంకేతికతను శాసించే నియమాల వైపు వెళ్ళాలా వద్దా అని తూగుతున్నవారి కోసం ఈ వ్యాసం. దేశానికి సేవ చేయాలన్న కోరిక ఒక్కదానితోనో, మేనేజరు మీద కోపం ఒక్కదానితోనో ఈ నిర్ణయం తీసుకోకూడదని ముందే చెప్పడం మంచిది. రెండవ కారణమైతే కంపెనీ మారితే చాలు.

ముందు తీర్చుకోవలసిన ఒక గందరగోళం

విధాన రంగం అనగానే మన ఇళ్ళలో సివిల్స్ పరీక్ష అనుకుంటారు. పెళ్ళిలో కలిసిన పెదనాన్నకు మీరు ఎంత వివరించినా చివరికి 'అయితే గ్రూప్ వన్ రాస్తున్నావన్నమాట' అనే తేలుస్తారు. ఐఏఎస్ అధికారి పని పరిపాలన. అందులో విధాన రచన ఒక భాగం, అదీ ఎక్కువగా కార్యదర్శి స్థాయికి చేరుకున్నాక. ఇక్కడ మనం మాట్లాడుకుంటున్నది వేరు. ముసాయిదా చట్టాలను చదివి విశ్లేషించే పరిశోధన సంస్థలు, పార్లమెంటు సభ్యులకు సమాచారం సమకూర్చే బృందాలు, మంత్రిత్వ శాఖలో ఒప్పంద పద్ధతిపై పనిచేసే నిపుణులు, నియంత్రణ సంస్థలు, ప్రభుత్వ ప్రాజెక్టులను నడిపే కన్సల్టెన్సీలు, నాస్కామ్ వంటి పరిశ్రమ సంఘాలు, పెద్ద కంపెనీల్లోని పబ్లిక్ పాలసీ విభాగాలు, పౌరహక్కుల కోసం కోర్టుకు వెళ్ళే స్వచ్ఛంద సంస్థలు అన్నీ ఈ రంగంలోకే వస్తాయి. వీటన్నిటిలో సాధారణంగా ఉండే పని ఒక్కటే: చదవడం, రాయడం, మాట్లాడి ఒప్పించడం.

ఆ మాటను తేలికగా తీసుకోవద్దు. ఇంజినీరు రోజు చివర పని జరిగిందో లేదో యంత్రం చెబుతుంది. పరీక్షలు నెగ్గాయి, బిల్డ్ ఆకుపచ్చగా ఉంది, పేజీ తొందరగా తెరుచుకుంటోంది. విధాన రంగంలో అలా చెప్పే యంత్రం లేదు. మూడు వారాలు శ్రమించి రాసిన పత్రాన్ని ఒక సంయుక్త కార్యదర్శి చదివారో లేదో మీకు ఎన్నడూ తెలియకపోవచ్చు, చదివి మీ వాక్యాన్ని అలాగే తీసుకుని నోట్‌లో పెట్టుకుంటే అది మీ పేరుతో ఉండదు. ఈ అనామకత్వం కొందరికి హాయిగా ఉంటుంది, కొందరిని లోపల నుంచి తినేస్తుంది. మీరు ఏ రకమో తెలుసుకోవడానికి గత ఏడాదిలో మీకు అత్యంత సంతృప్తినిచ్చిన మూడు పనులను కాగితం మీద రాయండి. మూడూ మీరు స్వయంగా కట్టి నడిపించినవైతే ఒక సంగతి. అందులో ఒకటైనా ఒక డిజైన్ పత్రమో, రెండు జట్ల మధ్య కుదిర్చిన ఒప్పందమో, 'ఈ డేటా మనం సేకరించకూడదు' అని సమావేశంలో వాదించి నెగ్గిన సందర్భమో అయితే మరొక సంగతి.

ఫలితం కోసం ఎంతకాలం వేచి ఉండగలరు

వ్యక్తిగత డేటా చట్టం నడిచిన దారి చూస్తే ఈ రంగంలో కాలం ఎలా కదులుతుందో అర్థమవుతుంది. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. అదే ఏడాది జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. తెలంగాణ అంశంపై 2010లో నివేదిక ఇచ్చిన శ్రీకృష్ణ ఆయనే కాబట్టి ఆ పేరు మనకు కొత్త కాదు. 2018లో కమిటీ నివేదిక, ముసాయిదా వచ్చాయి. 2019 డిసెంబరులో బిల్లు పార్లమెంటుకు చేరి, అక్కడి నుంచి సంయుక్త సంఘానికి వెళ్ళి, రెండేళ్ళ తరవాత నివేదికతో తిరిగి వచ్చి, 2022 ఆగస్టులో మొత్తంగా ఉపసంహరణకు గురైంది. కొత్తగా రాసిన చట్టానికి 2023 ఆగస్టులో ఆమోదం లభించింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, వాటిలోనూ ప్రధాన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఉంది. 2017లో ఉత్సాహంగా ఈ పనిలో దిగిన పాతికేళ్ళ యువకుడు తన పని పూర్తిగా అమలు కావడం చూసేసరికి ముప్ఫై ఐదుకు దగ్గరపడతాడు. మధ్యలో అతను రాసిన విశ్లేషణల్లో సగం, ఉపసంహరించిన బిల్లుతోపాటే పాతబడ్డాయి.

అలాగని అన్నీ నత్తనడకే నడవవు. కృత్రిమ మేధ నమూనాలకు సంబంధించి కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖ 2024 మార్చి 1న ఒక సలహాపత్రం ఇచ్చింది. పరీక్ష పూర్తికాని నమూనాలను ప్రజలకు అందించే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని అందులో ఉంది. విమర్శలు రాగానే రెండు వారాల్లో, మార్చి 15న, ఆ అనుమతి షరతు లేని కొత్త సలహాపత్రం వచ్చింది. అంటే ఏళ్ళ తరబడి ఏమీ జరగదు, తరవాత ఒక శుక్రవారం సాయంత్రం అన్నీ ఒకేసారి జరుగుతాయి. ఆ రెండు వారాల్లో ఉపయోగపడేది, అప్పటికే ఆ విషయం మీద నాలుగు పేజీలు సిద్ధంగా ఉంచుకున్నవారి పనే. రెండు వారాల స్ప్రింట్‌లకు అలవాటుపడిన మనసు ఈ లయకు సరిపోతుందా అన్నది నా దృష్టిలో జీతం కంటే పెద్ద ప్రశ్న.

మీ సాంకేతిక లోతుకు అక్కడ విలువ ఎంత

విధాన చర్చల్లో ఇంజినీర్ల కొరత ఉన్న మాట నిజం. సైబర్ ఘటన జరిగితే గుర్తించిన 6 గంటల్లోగా తెలియజేయాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, సైబర్ ఘటనలను పర్యవేక్షించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశాలు ఇచ్చినప్పుడు, ఆన్-కాల్‌లో ఒక్క రాత్రయినా గడిపినవారికి తట్టే ప్రశ్న ఒకటుంది: అసలు ఏమి జరిగిందో జట్టుకే తెలియని ఆరు గంటల్లో రాసే నివేదికలో ఏముంటుంది? ఈ ప్రశ్నను న్యాయవాది కూడా అడగగలడు. అయితే మొదటి గంటలో ఏమి తెలుస్తుంది, ఆరో గంటకు ఏమి తెలుస్తుంది, మూడో రోజుకు ఏమి తెలుస్తుంది అని వరుసపెట్టి, దానికి తగినట్టు దశలవారీ నివేదిక నమూనాను ప్రతిపాదించగలిగేది ఆ పని చేసినవాడు మాత్రమే.

దీని రెండవ వైపు కూడా చూడాలి. ఎన్‌క్రిప్ట్ చేసిన సందేశాన్ని మొదట పంపినవారిని కనుక్కోవచ్చా అన్న వివాదం 2019లో మద్రాసు హైకోర్టు ముందుకు వచ్చినప్పుడు, సందేశంతోపాటు మూలవ్యక్తి వివరాన్ని జతచేస్తే సాధ్యమేనని మద్రాసు ఐఐటీ ఆచార్యుడు వి. కామకోటి అన్నారు. అది ఆశించిన ఫలితం ఇవ్వదని బొంబాయి ఐఐటీ ఆచార్యుడు మనోజ్ ప్రభాకరన్ తన అభిప్రాయం సమర్పించారు. ఇద్దరూ కంప్యూటర్ సైన్స్ నిపుణులే. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ఐటీ నియమాల్లో పెద్ద మెసేజింగ్ సంస్థలు మూలవ్యక్తిని గుర్తించే ఏర్పాటు చేయాలన్న షరతు చేరింది, దాన్ని వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో సవాలు చేసింది. సాంకేతిక నిపుణుడు గదిలోకి రాగానే వివాదం ఆగిపోతుందని అనుకునేవారు ఈ వరుసను ఒకసారి శ్రద్ధగా చదవాలి. సాధ్యమా అన్న ప్రశ్న పక్కనే ఎంత మూల్యానికి సాధ్యం, ఎవరి మూల్యానికి సాధ్యం అన్న ప్రశ్నలు నిలబడి ఉంటాయి. వాటికి కోడ్‌లో జవాబు లేదు.

మరొక చేదు సంగతి ఏమిటంటే ఈ లోతు నిల్వ ఉండే సరుకు కాదు. మూడేళ్ళు కోడ్ ముట్టకపోతే 'నేను పరిశ్రమలో ఉన్నప్పుడు' అని మొదలయ్యే మాటలకు బరువు తగ్గుతుంది. అందుకే రెండేళ్ళ అనుభవంతో, ఒక్క వ్యవస్థనైనా మొదలు నుంచి చివరి వరకు నడిపి చూడకుండా, విధాన రంగంలోకి దూకవద్దని నా సలహా. అక్కడ మీరు అమ్మగలిగేది ఆ అనుభవాన్నే. చెల్లింపుల వ్యవస్థలో ఒక లావాదేవీ మధ్యలో ఆగిపోతే డబ్బు ఎక్కడ ఉంటుందో, ఒక యాప్‌లో అనుమతి వెనక్కి తీసుకుంటే బ్యాకప్‌లలోని డేటా ఏమవుతుందో కళ్ళతో చూసినవాడి మాట, అదే విషయాన్ని చదివి తెలుసుకున్నవాడి మాట సమావేశంలో ఒకేలా వినిపించవు.

రాజీనామాకు ముందు చేయవలసిన పరీక్ష

ఈ రంగం మీకు సరిపడుతుందో లేదో తేల్చడానికి నేను ఎరిగిన అన్నిటికంటే చవకైన పరీక్ష ఒక బహిరంగ సంప్రదింపుకు స్వయంగా జవాబు రాయడం. చట్టాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలని 2014లో కేంద్రం ఒక విధానం ప్రకటించింది. అది ప్రతిసారీ పాటించబడటం లేదు గానీ అవకాశాలకు కొదవ లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ సంప్రదింపు పత్రాలు ఇందుకు బాగా పనికొస్తాయి. అందులో ప్రశ్నలు అంకెలు వేసి ఉంటాయి, వచ్చిన వ్యాఖ్యలను సంస్థ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, వాటిపై ప్రతివ్యాఖ్యలకు కూడా సమయం ఇస్తుంది. 2015లో ఇంటర్నెట్ సమానత్వంపై (నెట్ న్యూట్రాలిటీ) వచ్చిన సంప్రదింపుకు పది లక్షలకు మించి ఈమెయిళ్ళు వెళ్ళాయి. 2016 ఫిబ్రవరి 8న డేటా ధరల్లో వివక్షను నిషేధిస్తూ నిబంధనలు వచ్చి, ఎంపిక చేసిన కొన్ని సైట్లను మాత్రమే ఉచితంగా చూపే ఫేస్‌బుక్ వారి ఫ్రీ బేసిక్స్‌కు ఇక్కడ తలుపు మూసుకుంది. ఆ లక్షల ఈమెయిళ్ళు ఒత్తిడి తెచ్చాయి. అయితే నిబంధన వాక్యాలను దిద్దడానికి పనికొచ్చేవి ప్రశ్నవారీగా, ఆధారాలతో రాసిన సుదీర్ఘ సమర్పణలే.

పద్ధతి ఇది. మీ రోజువారీ పనికి దగ్గరగా ఉన్న ఒక పత్రాన్ని ఎంచుకోండి. క్లౌడ్ భద్రత చూసేవారు ఉపగ్రహ స్పెక్ట్రం జోలికి వెళ్ళవద్దు. పత్రాన్ని మొదటి పేజీ నుంచి చివరి అనుబంధం వరకు చదివి, మీకు నిజంగా తెలిసిన రెండు ప్రశ్నలను మాత్రమే పట్టుకుని, ఒక్కొక్కదానికి ఒక పేజీ రాయండి. ఆ పేజీలో ప్రస్తుత వాక్యం ఏమిటి, దాని వల్ల ఏ సందర్భంలో ఏమి జరుగుతుంది, బదులుగా ఏ వాక్యం ఉండాలి అన్నవి ఉండాలి. నా మొదటి సమర్పణ పద్నాలుగు పేజీలు సాగింది, అందులో ప్రజాస్వామ్యం గురించి కూడా ఒక పేరా ఉంది. దాన్ని చూపించినప్పుడు ఒక అనుభవజ్ఞురాలు చిరునవ్వుతో 'ఏ ఉపనిబంధనలో ఏ మాట మార్చమంటున్నావు నాయనా?' అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. పద్నాలుగు పేజీలు రెండుకు కుదించడానికి పట్టిన రెండు శనివారాల్లోనే ఈ పని నాకు నచ్చుతుందని తెలిసింది.

పంపే ముందు మీ నియామక పత్రంలోని గోపనీయత షరతును, బయటి పనుల షరతును చదవండి. కంపెనీ వ్యవస్థల అంతర్గత వివరాలేవీ సమర్పణలో ఉండకూడదు, 'ఇది నా వ్యక్తిగత అభిప్రాయం' అన్న వాక్యం ఉండాలి, అనుమానం ఉంటే మానవ వనరుల విభాగాన్ని రాతపూర్వకంగా అడగాలి. ట్రాయ్ వ్యాఖ్యలు మీ పేరుతో అందరికీ కనిపిస్తాయన్న సంగతి మరువకండి.

తరవాత మరో రెండుసార్లు ఇదే పని, వేరే పత్రాల మీద చేయండి. మూడవసారికి కూడా ముసాయిదా చదవాలన్న ఆసక్తి మిగిలి ఉంటే అప్పుడు శిక్షణ గురించి ఆలోచించవచ్చు. ఉద్యోగం చేస్తూనే చదవడానికి బెంగళూరులోని తక్షశిల సంస్థ ఆన్‌లైన్‌లో 12 వారాల సర్టిఫికెట్ కోర్సు నడుపుతోంది. రెండేళ్ళ పూర్తికాల మాస్టర్స్ కావాలంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్, హైదరాబాదులో గీతం ఆవరణలోని కౌటిల్య స్కూల్ వంటివి ఉన్నాయి. పదేళ్ళ అనుభవం ఉన్నవారికి రెండేళ్ళ డిగ్రీ తప్పనిసరి అని నేను అనుకోను. అర్థశాస్త్రం, రాజ్యాంగం, పరిపాలన న్యాయం అనే మూడింటిలో ప్రాథమిక జ్ఞానం మాత్రం తప్పనిసరి. సెక్షనుకూ నియమానికీ, నియమానికీ సలహాపత్రానికీ తేడా తెలియని ఇంజినీరును ఆ రంగంలో ఎవరూ రెండవసారి పిలవరు.

మధ్యలో ఉన్న దారి

ఉద్యోగం వదలకుండానే నియమాలు రాసే చోటు ఒకటుంది, దాని గురించి మన జనానికి తెలిసింది తక్కువ. అది ప్రమాణాల రూపకల్పన. భారతీయ ప్రమాణాల సంస్థ బీఐఎస్ కమిటీల్లో పరిశ్రమ ప్రతినిధులు కూర్చుంటారు, ముసాయిదా ప్రమాణాలపై ఎవరైనా వ్యాఖ్యలు పంపవచ్చు. ఇంటర్నెట్ నియమావళులను తయారుచేసే ఐఈటీఎఫ్ మెయిలింగ్ జాబితాల్లో చేరడానికి సభ్యత్వ రుసుమంటూ ఏదీ లేదు. అక్కడి చర్చ పూర్తిగా సాంకేతికం, అయితే తేలే నిర్ణయం కోట్లమంది గోప్యతను నిర్ణయిస్తుంది. కోడ్ వదలలేని, నిబంధన వదలలేని మనిషికి ఇంతకంటే తగిన చోటు లేదు. ఇప్పుడు డేటా చట్టం నియమాలు వచ్చాయి గనుక అనుమతుల నిర్వహణ, డేటా తొలగింపు, పిల్లల ఖాతాలకు తల్లిదండ్రుల సమ్మతి వంటి పనులు కంపెనీల్లోనే పుట్టుకొస్తున్నాయి. ఉల్లంఘనకు జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉన్న చట్టం కాబట్టి, చట్టం వాక్యాన్ని డేటాబేస్ పట్టికలోకి తర్జుమా చేయగలిగినవారి కోసం యాజమాన్యాలే వెతుకుతాయి. చాలామందికి ఇదే సరైన జవాబు అని నా అభిప్రాయం.

డబ్బు లెక్క

ఈ భాగాన్ని సిగ్గుపడకుండా చూసుకోవాలి. పరిశోధన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఇచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతానికి చాలా దిగువన ఉంటుంది. కంపెనీల పాలసీ విభాగాలు బాగానే ఇస్తాయి గానీ నేరుగా అక్కడికి ఇంజినీరును తీసుకోవడం అరుదు. అందువల్ల జీతం మూడో వంతుకు పడిపోతుందన్న ఊహతో ఒక నెల నిజంగా బతికి చూడండి. గృహరుణం ఈఎంఐ, పిల్లల స్కూలు ఫీజు, ఊళ్ళో అమ్మానాన్నలకు పంపేది, చెల్లి పెళ్ళికి తీసుకున్న అప్పు ఇవన్నీ కట్టాక మిగిలింది ఎంతో ఆ నెల చెబుతుంది. మిగిలిన జీతాన్ని వేరే ఖాతాలోకి మళ్ళిస్తే అదే మీ నిల్వకు పునాది అవుతుంది. పద్దెనిమిది నెలల ఇంటి ఖర్చు చేతిలో లేకుండా కదలవద్దు. ఇంట్లో రెండవ జీతం ఉంటే పన్నెండు చాలవచ్చు.

చాలామంది మరిచిపోయేది ఆరోగ్య బీమా. కంపెనీ సామూహిక బీమాలో అమ్మానాన్నలకు రక్షణ ఉంటే, రాజీనామాతో అది పోతుంది. అరవై దాటిన, చక్కెర వ్యాధి ఉన్న తండ్రికి కొత్తగా సొంత పాలసీ తీసుకోవడం ఖరీదైన పని, పాత జబ్బులకు నిరీక్షణ కాలం కూడా ఉంటుంది. కాబట్టి కదలాలన్న ఆలోచన వచ్చిన రోజే ఆ పాలసీ తీసుకుని, నిరీక్షణ కాలం ఉద్యోగంలో ఉండగానే గడిచేటట్టు చూడండి. గ్రాట్యుటీకి ఐదేళ్ళు నిండడానికి మూడు నెలలే ఉంటే ఆ మూడు నెలలూ ఆగండి. ఆదర్శానికి అంత తొందర ఉండదు.

తలుపులు, వాటి గొళ్ళేలు

వయసు 25 దాటనివారికి, చట్టసభల పనిని అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ అన్నిటికంటే మంచి ద్వారం. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల వరకు ఒక పార్లమెంటు సభ్యుని దగ్గర పనిచేస్తూ, ప్రశ్నలు తయారుచేయడం, బిల్లులపై సంక్షిప్త నివేదికలు రాయడం అక్కడ నేర్చుకుంటారు. ఆ వయసు దాటినవారు పరిశోధన సంస్థల్లో సాంకేతిక విషయ నిపుణులుగానో, ప్రభుత్వ ప్రాజెక్టుల్లో పనిచేసే కన్సల్టెన్సీ బృందాల్లోనో, జాతీయ ఈ-గవర్నెన్స్ విభాగం వంటి చోట్ల ఒప్పంద ఉద్యోగాల్లోనో ప్రవేశిస్తారు. కన్సల్టెన్సీ పని గురించి ఒక హెచ్చరిక అవసరం. అక్కడ ఎక్కువ సమయం ప్రెజెంటేషన్‌లకూ, ప్రగతి నివేదికలకూ పోతుంది. అయితే ఫైలు ఎలా కదులుతుంది, ఆర్థిక శాఖ అభ్యంతరం ఎక్కడ వస్తుంది, జీవో వెలువడటానికి ముందు ఎన్ని బల్లలు దాటుతుంది అన్నది అంత దగ్గరగా మరెక్కడా కనిపించదు.

నేరుగా పై స్థాయిలో ప్రవేశించడం మీద ఆశ పెట్టుకుని ప్రణాళిక వేయవద్దు. బయటి నిపుణులను సంయుక్త కార్యదర్శి వంటి పదవుల్లోకి తీసుకునే లేటరల్ ఎంట్రీ విధానంలో 2024 ఆగస్టులో యూపీఎస్సీ 45 పోస్టులకు ప్రకటన ఇచ్చి, రిజర్వేషన్లు లేవన్న విమర్శలతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుంది.

ఉద్యోగ భద్రత విషయంలో కూడా కళ్ళు తెరిచి ఉండాలి. 1973 నుంచి ఉన్న, ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్‌కు విదేశీ విరాళాల అనుమతిని 2023లో నిలిపివేసి, 2024 జనవరిలో రద్దు చేశారు. అంతటి పేరున్న సంస్థలోనే ఎంతోమంది పరిశోధకులు ఉద్యోగాలు వదులుకోవలసి వచ్చింది. ఇంటర్వ్యూలో జీతం అడగడానికి ముందు, ఈ పదవికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎన్ని నెలలకు ఖాయమైంది, నిధులిచ్చిన కంపెనీకి నచ్చని విషయం మీద గత ఏడాది ఈ సంస్థ ఏమి రాసింది అని అడగండి. మూడవ ప్రశ్నకు తడబడితే అది పరిశోధన సంస్థ రూపంలో ఉన్న ప్రచార విభాగం కావచ్చు. కంపెనీ పాలసీ విభాగంలో చేరేవారికి ఆ ముసుగు లేదు. అక్కడ మీరు యజమాని తరఫు వకీలు, ఆ సంగతి అందరికీ తెలుసు. నిజాయితీ దృష్టితో చూస్తే అదే మేలని కొన్నిసార్లు అనిపిస్తుంది.

అమెరికాలో ఉన్న మనవారు ఈ మార్పు గురించి ఆలోచిస్తే లెక్క వేరు. అమెరికా శాస్త్రవేత్తల సంఘం ఏఏఏఎస్ 1973 నుంచి నడుపుతున్న విజ్ఞాన, సాంకేతిక విధాన ఫెలోషిప్‌కు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. హెచ్-1బీ మీద ఉన్నవారు ఏ సంస్థకు మారినా కొత్త యజమాని పిటిషన్ వేయాలి, గ్రీన్ కార్డు వరుస మధ్యలో ఉంటే వలస న్యాయవాదిని సంప్రదించకుండా అడుగు వేయకూడదు. వారికి విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రాలు, ప్రమాణాల కమిటీలే అందుబాటులో ఉన్న దారి.

నిర్ణయించుకున్నాక

మూడు సమర్పణలు రాసి, ఒక నెల తక్కువ జీతంతో బతికి, కనీసం ఇద్దరు పనిచేస్తున్నవారితో వారి గత వారం ఎలా గడిచిందో గంటసేపు మాట్లాడిన తరవాత కూడా వెళ్ళాలనిపిస్తే, నోటీస్ పీరియడ్‌ను గౌరవంగా పూర్తిచేసి, రిలీవింగ్ లెటర్, అనుభవ పత్రం, పీఎఫ్ వివరాలు చేతికి వచ్చాకే బయటికి రండి. జట్టు మేనేజరుతో ముఖాముఖి మాట్లాడి, రెండేళ్ళలో తిరిగి రావలసి వస్తే తలుపు తెరిచి ఉంటుందా అని అడగడంలో తప్పు లేదు. కొత్త ఉద్యోగంలో వారానికి ఒక పూట కోడ్‌కు కేటాయించండి. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులో చిన్న లోపం సరిదిద్దడమైనా, ప్రభుత్వం బయటపెట్టిన డేటాను శుభ్రపరచి పట్టిక కట్టడమైనా ఫరవాలేదు.

ఆరు నెలలు గడిచాక ఒక ఆదివారం కూర్చుని మీరు రాసిన వాటిని ముందేసుకోండి. ఎక్కడైనా ఒక ముసాయిదాలో, ఒక స్థాయీ సంఘం నివేదికలో, ఒక పత్రికా వ్యాసంలో, చివరికి మీ సంస్థ వైఖరిలోనైనా, మీ వల్ల మారిన ఒక వాక్యం దొరుకుతుందేమో చూడండి. ఆరు నెలలకు దొరకకపోవడం మామూలే, రెండేళ్ళకు కూడా దొరకకపోతే ఆలోచించాలి. అదే రోజు బ్యాంకు నిల్వ కూడా చూసుకోండి. మొదట అనుకున్న మొత్తంలో సగానికి తగ్గితే సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూలకు సిద్ధపడటం ఆ వారమే మొదలుపెట్టాలి, ఎందుకంటే ఖాళీ అయిన ఖాతాతో ఇంటర్వ్యూకు వెళ్ళినవాడు జీతం గురించి బేరమాడలేడు, మళ్ళీ ఉద్యోగం దొరకడానికి నాలుగైదు నెలలు పట్టవచ్చు.